గల్లా పెట్టె: చిరు వ్యాపారం మొదలుపెట్టేవారి ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే వాక్యంతో ముగిశాయి: "మొదలుపెట్టమంటారా, వద్దంటారా?" దూరాన కూర్చుని ఆ మాట చెప్పే అధికారం నాకు లేదు. అయితే బ్యాంకులో రుణాల విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన అనుభవంతో ఒకటి చెప్పగలను. నా బల్ల ముందు భయపడుతూ కూర్చున్నవారిలో ఎక్కువమంది అసలు లెక్కే వేసుకోకుండా వచ్చినవారు. తెల్లకాగితం మీద నాలుగు అంకెలు పడ్డాక వారిలో కొందరు ధైర్యంగా ముందుకు వెళ్లారు, కొందరు ఆలోచన మార్చుకుని మరో పనిలో కుదురుకున్నారు. అందుకే ఈ నెల జవాబుల్లో సలహాల కంటే కూడికలూ తీసివేతలే ఎక్కువగా కనిపిస్తాయి.

ప్రశ్న: మా ఇంట్లో సంక్రాంతికి చేసే సకినాలు, గరిజెలు, మురుకులు తిన్నవారందరూ మెచ్చుకుంటారు. నిరుడు చుట్టుపక్కల ఇళ్లవారు అడిగితే ఇద్దరు మనుషులను కూలికి పెట్టుకుని, కిలో 360 రూపాయల చొప్పున సకినాలు చేసి ఇచ్చాను. పండుగ అయ్యాక చూసుకుంటే నడుము నొప్పి తప్ప ఏమీ మిగిలినట్టు అనిపించలేదు. ధర పెంచితే అడిగినవారు వెళ్లిపోతారేమో. దీన్ని ఏడాది పొడవునా నడిచే వ్యాపారంగా మలచుకోవచ్చా?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ చేతి రుచికి గిరాకీ ఉందన్న సంగతి మీరు నిరుడే రుజువు చేశారు. చాలామంది కొత్తవారికి మొదటి ఏడాదంతా గడిచినా తేలని విషయం అది. తేలాల్సింది ధర ఒక్కటే. మీరు పంపిన ఖర్చులనే కొంచెం సర్దుకుని పది కిలోల సకినాలకు లెక్క వేద్దాం. బియ్యం, నువ్వులు, వాము, నూనె, పిండి పట్టించిన కూలి కలిపి 1,900 రూపాయలు, గ్యాసు 250, కవర్లు, డబ్బాలు 200. ఇంతవరకు 2,350 రూపాయలు, అంటే కిలోకు 235. మీరు ఈ అంకె దగ్గరే ఆగి, 360కి అమ్మితే కిలోకు 125 రూపాయల లాభమని అనుకున్నారు.

ఇద్దరు మనుషులకు ఇచ్చిన వెయ్యి రూపాయలు కలిపితే ఖర్చు 3,350 అవుతుంది. ఇక సకినాల సంగతి మీకు నేను చెప్పేదేముంది, గుడ్డ మీద నుంచి తీసేటప్పుడు కొన్ని, నూనెలో కొన్ని, డబ్బాలో సర్దేటప్పుడు కొన్ని విరుగుతాయి. పది కిలోలకు అరకిలో అలా పోయిందనుకుంటే అమ్మకానికి మిగిలేది తొమ్మిదిన్నర కిలోలు, దాని మీద వచ్చేది 3,420 రూపాయలు. తెల్లవారి పిండి కలిపినప్పటి నుంచి చీకటి పడేదాకా పొయ్యి ముందు కూర్చున్నందుకు మీకు దక్కినది 70 రూపాయలు. మీ నడుము నొప్పికి కారణం ఏదైనా, చేతిలో ఏమీ మిగలలేదన్న మీ అనుమానం మాత్రం నిజమే.

కూలికి వచ్చినవారికి ఇచ్చినట్టే మీకు మీరు కూడా రోజుకు కనీసం 600 రూపాయలు కట్టుకుంటే మొత్తం ఖర్చు 3,950, కిలోకు సుమారు 416 రూపాయలు. ఇందులో వ్యాపారానికంటూ మిగిలేది ఇంకా ఏమీ లేదు. రేపు నూనె ధర పెరిగినా, ఒక వాయి మాడినా తట్టుకోవాలంటే 450 నుంచి 460 వరకు ధర పెట్టక తప్పదు. కొందరు వెళ్లిపోతారు, నిజమే. పాతిక మంది కొనేవారిలో ఏడుగురు వెళ్లిపోయినా మిగిలిన పద్దెనిమిది మంది వల్ల మీకు నిరుటికంటే తక్కువ శ్రమతో ఎక్కువ డబ్బు మిగులుతుంది. ఇంట్లో ఆడవారి చాకిరీకి వెల కట్టకపోవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, వ్యాపారంలోకి దిగాక కూడా మొదట తమ కూలినే వారు కొట్టేసుకుంటారు. విరిగిన ముక్కలను పారేయకుండా తక్కువ ధరకు విడిగా అమ్మండి. టీ కొట్లవారు సంతోషంగా తీసుకుంటారు.

ఏడాది పొడవునా సకినాలే అమ్ముడుపోతాయని ఆశించవద్దు. పండుగ దాటితే వాటి గిరాకీ సన్నగిల్లుతుంది. మురుకులకు ఆ బాధ లేదు. ఒడిబియ్యం, సీమంతం, పెళ్లి సారె వంటి సందర్భాలకు ముందుగా డబ్బు తీసుకుని చేసిపెట్టే ఆర్డర్ల మీద దృష్టి పెట్టండి. తయారుచేసిన ప్రతి గరిజెకూ కొనేవారు ముందే ఉన్న వ్యాపారం అది. ఇక ఇంట్లో వండి అమ్మినా, ఆహార భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాలి. చిన్న స్థాయివారికి ఏడాదికి 100 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లోనే అది దొరుకుతుంది. వచ్చే 14 అంకెల సంఖ్యను ప్యాకెట్ మీద వేయాలి, దానితోపాటు మీ పేరు, చిరునామా, వాడిన పదార్థాలు, నికర బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలన్నది, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. ఇవన్నీ ఉన్న చీటీ అంటించిన రోజున మీ ప్యాకెట్ పొరుగింటి గడప దాటి కిరాణా కొట్టు అర మీదికి వెళ్లగలుగుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నెలకు 26,000 రూపాయల జీతానికి పనిచేస్తున్నాను. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. మా బావమరిదీ నేనూ కలిసి కూకట్‌పల్లి వైపు టిఫిన్ సెంటర్ పెట్టాలనుకుంటున్నాం. ఉద్యోగం మానేస్తానంటే మా అమ్మ ఏడుస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అమ్మగారి కన్నీళ్లకు సమాధానం మాటల్లో దొరకదు, అంకెల్లో దొరకవచ్చు. మీరు రాసిన వివరాల ప్రకారం దుకాణం అద్దె 12,000, మాస్టర్ జీతం 25,000, సహాయకుడికి 12,000, కరెంటు, నీళ్లకు 5,000; మొత్తం 54,000 రూపాయలు ఒక్క ఇడ్లీ అమ్మినా అమ్మకపోయినా కట్టవలసినవే. మీ ఇంటి ఖర్చు 18,000 కూడా దీని మీద నుంచే రావాలి కాబట్టి 72,000. నెలలో 30 రోజులూ తెరిచినా రోజుకు 2,400. వంద రూపాయల టిఫిన్ అమ్మితే మినప్పప్పు, రవ్వ, పల్లీలు, నూనె, గ్యాసు కలిపి 45 రూపాయలు పోతాయనుకుంటే చేతిలో మిగిలేది 55. కాబట్టి రోజుకు దాదాపు 4,360 రూపాయల అమ్మకం, అంటే ప్లేటు 40 రూపాయల లెక్కన 109 ప్లేట్లు కావాలి. ఇందులో బావమరిది ఇంటి ఖర్చు ఇంకా కలపలేదు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని ఒకటుంది. మీరు చూసిపెట్టుకున్న దుకాణానికి దగ్గరలో ఇప్పటికే నడుస్తున్న టిఫిన్ సెంటర్ ఎదురుగా వారం రోజులు, పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర వరకు నిలబడి ప్లేట్లు లెక్కపెట్టండి. ఆదివారం, వర్షం పడ్డ రోజు కూడా వదలవద్దు. పార్సిళ్లు విడిగా రాసుకోండి. అక్కడ 250 ప్లేట్లు పోతుంటే ఆ వీధి ఇంకొకరిని పోషించగలదు. 90 దగ్గరే ఆగిపోతుంటే మీ పల్లీ చట్నీ ఎంత బాగున్నా ఆ వీధికి మరో టిఫిన్ సెంటర్ అక్కర్లేదు. సెలవు రోజుల్లో ఎవరి దగ్గరైనా తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి పని చేసి చూడండి. పిండి పులియడం వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా ఉంటుందని, మాస్టర్ చెప్పకుండా ఊరికి వెళ్లిపోతే ఆ పొద్దు దోసె పెనం ముందు యజమానే నిలబడాలని అక్కడే తెలుస్తుంది. మీకు దోసె వేయడం రాకపోతే ఇప్పుడే నేర్చుకోండి. ఈ వ్యాపారంలో మాస్టర్ మీద పూర్తిగా ఆధారపడ్డ యజమాని అసలు యజమానే కాదని నా అభిప్రాయం.

ఉద్యోగం మానడానికి ముందు, దుకాణం అడ్వాన్సుకూ సామానుకూ పెట్టే డబ్బు కాక, ఆరు నెలల ఇంటి ఖర్చు అంటే 1,08,000 రూపాయలు అమ్మగారి పేరున బ్యాంకులో వేయండి. దాన్ని ముట్టుకోకూడదు. ఆవిడ ఏడుపు ఆపడానికి ఆ పాసుపుస్తకం కొంత పనికొస్తుంది. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి తెరిచే ముందే తీసుకోండి. గ్యాసు 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడండి, ఇంటి సిలిండర్‌ను దుకాణంలో వాడటం నేరం. బావమరిదితో ఎవరు ఎంత పెట్టారు, ఎవరు ఏ పని చూస్తారు, ఒకరు తప్పుకుంటే ఎంత, ఎప్పటిలోగా ఇవ్వాలి అన్నవి కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. చుట్టరికంలో కాగితాలేమిటని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, నిజమే. లెక్క తేడా వచ్చిన తర్వాత నొచ్చుకోవడం దీనికి పదింతలు ఉంటుంది.

ప్రశ్న: డిప్లొమా చదివాను. మా ఊళ్లో కారం, పసుపు పట్టే మర పెట్టి, తర్వాత సొంత పేరుతో ప్యాకెట్లు అమ్మాలని ఉంది. మొత్తం ఆరు లక్షలవుతుంది. సబ్సిడీ ఇప్పిస్తానని ఒకాయన 15,000 అడుగుతున్నాడు. ఉద్యమ్ సర్టిఫికెట్‌కు వేరే 3,000 అంటున్నాడు. ఇవ్వవచ్చా?
– ఒక యువకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు ప్రభుత్వం దగ్గర చేసుకునే ఉద్యమ్ నమోదు 2020 జులై 1 నుంచి అమల్లో ఉంది, దానికి ప్రభుత్వం ఏ రుసుమూ తీసుకోదు. ఆధార్, పాన్ దగ్గర పెట్టుకుని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే అరగంటలో చేసుకోగలరు. మీరు చెబుతున్న సబ్సిడీ ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకానిది. దానికి కూడా దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, దారి చూపించడానికి జిల్లా పరిశ్రమల కేంద్రం ఉంది. పల్లెలో పెట్టే యూనిట్‌కు సాధారణ వర్గం వారికి వ్యయంలో 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు తదితరులకు 35 శాతం సబ్సిడీ వస్తుంది. మీరు బీసీనని రాశారు కాబట్టి ఆరు లక్షల్లో సొంత వాటా 5 శాతం, అంటే 30,000, బ్యాంకు 5,70,000 మంజూరు చేస్తుంది, సబ్సిడీ 2,10,000. అయితే ఆ సబ్సిడీ మీ చేతికి నగదుగా రాదు. మూడేళ్లు మీ పేరున బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ సక్రమంగా నడిస్తేనే అప్పులో జమ అవుతుంది. సబ్సిడీ కోసమే మర పెట్టినవారు రెండో ఏడాదికే తాళం వేసి, వచ్చేదీ పోగొట్టుకోవడం నేను చూశాను.

హామీ ఆస్తి లేదని దిగులుపడవద్దు. ముద్రా రుణాలకు ఆస్తి హామీ అడగకూడదు. 50,000 వరకు శిశు, ఆపై 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అని వాటిని విడదీశారు. బ్యాంకుకు వెళ్లేటప్పుడు యంత్రాల కొటేషన్లు, మర పెట్టే స్థలం కాగితం, నెలకు ఎన్ని క్వింటాళ్లు ఆడుతుందన్న అంచనా తీసుకెళ్లండి. ఏ అధికారి అయినా ముందు చూసేది ఆ అంచనా మీరు వేసిందా, జిరాక్స్ కొట్టువాడు వేసిందా అన్నదే. నేనూ అదే చూసేవాణ్ణి. పథకాల గడువులూ పరిమితులూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒకసారి సరిచూసుకోండి.

ఒక మాట మీ అంచనా గురించి. ఆరు లక్షలూ యంత్రాలకూ షెడ్డుకూ రాశారు, మిర్చికి ఏమీ రాయలేదు. సొంత ప్యాకెట్లు అమ్మాలంటే ఖమ్మం మార్కెట్ యార్డుకు కొత్త మిర్చి వచ్చే నెలల్లోనే కొని, ఏడాదంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. ఆ డబ్బు మర ఖరీదును మించిపోవచ్చు. అందుకని మొదటి ఏడాది జనం తెచ్చిన మిర్చి, పసుపు కొమ్ములను కూలికి పట్టివ్వండి. సరుకు వాళ్లది, నష్టభయం తక్కువ, పైగా ఏ రకం మిర్చికి ఎంత రంగు, ఎంత ఘాటు వస్తుందో మీ కళ్లకు అలవాటవుతుంది. ప్యాకెట్ల సంగతి రెండో ఏడాది చూడవచ్చు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో సహా ఉచితంగా నేర్పుతారు. మీ జిల్లా సంస్థలో ఏయే కోర్సులున్నాయో కనుక్కోండి.

ప్రశ్న: నలుగురు ఆడవాళ్లం కలిసి కుట్టు పని చేస్తున్నాం. ఒక ప్రైవేటు బడికి యూనిఫాంలు కుట్టిచ్చాం. ఐదు నెలలైనా 1,40,000 రూపాయలు రాలేదు. మరోపక్క చుట్టాలు బ్లౌజులు కుట్టించుకుని "తర్వాత ఇస్తాంలే" అంటారు. అడగాలంటే నోరు రాదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు బడి సంగతి. ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తరహా సంస్థల నుంచి సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవారు ఒప్పందం ఉంటే దానిలో రాసుకున్న గడువులోగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) అభివృద్ధి చట్టం చెబుతోంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదుకు ప్రభుత్వం ఆన్‌లైన్ పోర్టల్ నడుపుతోంది. కానీ సరుకు ఇచ్చేనాటికి మీకు ఉద్యమ్ నమోదు ఉందా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. లేకపోతే ఈ బాకీకి ఆ చట్టం అండ దొరకడం కష్టం. అయినా బిల్లు నకలు, సరుకు అందినట్టు సంతకం జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. నోటిమాటగా వాయిదాలు చెప్పేవారు కాగితం చూస్తే కొంత కదులుతారు. వచ్చే ఏడాది ఆర్డరుకు గుడ్డ ఖరీదు మొత్తం ముందే తీసుకోండి. అప్పుడు బాకీ పడినా పోయేది మీ కుట్టు కూలి వరకే, అప్పు తెచ్చి కొన్న గుడ్డ కాదు.

చుట్టాల విషయంలో మీ నోటికి పని చెప్పకుండా చీటీకి చెప్పండి. కొలతలు తీసుకునేటప్పుడే తేదీ, కూలి, సగం అడ్వాన్సు రాసిన రసీదు అందరికీ ఒకే తీరుగా ఇవ్వండి, మీ సొంత వదినగారికి కూడా. మిషన్ పక్కన క్యూఆర్ కోడ్ పెట్టండి. నలుగురు కలిసి చేసే పని కాబట్టి "వాళ్లకు లెక్క చెప్పాలి వదినా" అనే మాట మీకు సిద్ధంగా ఉంది. అది అబద్ధం కూడా కాదు. "ఈరోజు నగదు, రేపు అరువు" అని మన కిరాణా కొట్లలో వేలాడే బోర్డును చూసి నవ్వుకుంటాం గానీ, మొహమాటస్తుడైన ఏ కొట్టు యజమానో తన తరఫున మాట్లాడమని గోడకు అప్పగించిన మాట అది.

ప్రశ్న: ఇంట్లో అగరుబత్తీలు చేసి నెల్లూరులో అమ్ముతున్నాం. మొదటి రోజు నుంచే జీఎస్టీ తీసుకోవాలని ఒకరు, అక్కర్లేదని ఒకరు అంటున్నారు.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటేవరకు నమోదు అక్కర్లేదు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలు. సేవలకు రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలే. మీకు వర్తించే మెలిక వేరే ఉంది: చెన్నై మీకు దగ్గర కదా అని అక్కడి దుకాణానికి సరుకు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం, దానికి మొదటి రూపాయి నుంచే నమోదు కావాలి. కాబట్టి జిల్లా మార్కెట్ నిలదొక్కుకునేదాకా రాష్ట్రం లోపలే అమ్మండి. నమోదు లేదు గదా అని లెక్కల పుస్తకం మాత్రం మానవద్దు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో పద్దెనిమిదేళ్లు బట్టల దుకాణం నడిపాను. కరోనా తర్వాత 2021లో మూసేశాను. హోల్‌సేల్ వ్యాపారికి ఇంకా 80,000 బాకీ ఉంది, నెలనెలా కొంత తీరుస్తున్నాను. ఇప్పుడు నాకు 57. మళ్లీ చిన్నగా మొదలుపెడతానంటే పిల్లలు "ఈ వయసులో ఎందుకు నాన్నా" అంటున్నారు. పాత ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకున్న పుస్తకం తప్ప నా దగ్గర ఏమీ మిగల్లేదు.
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: అయ్యా, దుకాణం మూసేసి కూడా నెలనెలా బాకీ కడుతున్నారంటే బజారులో మీ మాట ఇంకా చెల్లుతుంది. దాన్ని మీరు ఆస్తుల జాబితాలో రాసుకోవడం మరిచిపోయారు. పిల్లల భయానికి కూడా కారణముంది: వాళ్లు చూసింది మూతపడిన దుకాణాన్ని, నెలనెలా అద్దె కోసం మీరు పడిన అవస్థను. మీరు మళ్లీ దుకాణం అద్దెకు తీసుకుంటానంటే నేను వారి పక్షమే. మీ ఉత్తరంలోని లెక్క చూస్తే మిమ్మల్ని ముంచింది చీరలు కాదు; షట్టర్ దించి ఉన్న నెలల్లోనూ ఆగని అద్దె, అమ్ముడుపోకుండా పాతబడిన సరుకు.

అందువల్ల ఈసారి అద్దె లేకుండా, సరుకు నిల్వ లేకుండా మొదలుపెట్టండి. నారాయణపేట, గద్వాల నేతగాళ్ల ఊళ్లు మీకు బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దగ్గర. పద్దెనిమిదేళ్ల వ్యాపారంలో అక్కడ మీకు ముఖపరిచయాలు ఉండే ఉంటాయి. అమ్ముడైతే డబ్బు, లేకపోతే నెల తిరిగేలోగా సరుకు వాపసు అన్న మాట మీద పాతిక చీరలు అడిగి చూడండి. కొత్తవాడు అడిగితే ఎవరూ ఇవ్వరు, మీరు అడిగితే ఇచ్చేవారు ఒకరిద్దరైనా దొరుకుతారు. అమ్మకం మీ ఇంటి ముందు గదిలోనే. ఆషాఢంలో పెద్ద దుకాణాలన్నీ తగ్గింపుల బోర్డులు పెడతాయి, ఆ పోటీలోకి దిగవద్దు. ఆ నెలలో సరుకు మాట్లాడుకుని శ్రావణ మాసం మొదటి శుక్రవారానికి ముందు గదిలో చీరలు పరిచి ఉండేలా చూసుకోండి. వరలక్ష్మీ వ్రతం, ఆ వెనుక దసరా, పెళ్లిళ్లు. అమ్మిన ప్రతి చీర లాభంలో మూడో వంతు పాత బాకీకి విడిగా తీయండి.

ఫోన్లో ఫొటోలు పంపడం మీ అమ్మాయికి వచ్చని రాశారు. ఆమెనే పక్కన కూర్చోబెట్టుకుని ఆ పుస్తకం తెరవండి. రోజుకు పది మందికి చొప్పున ఫోన్ చేయండి. మొదటి పలకరింపులో చీరల ఊసు ఎత్తవద్దు, కరోనా తర్వాత ఎలా ఉన్నారో అడగండి. నంబరు మారినవారి పేరు పక్కన ఒక గీత, మాట్లాడినవారి పక్కన టిక్కు, "మళ్లీ ఎప్పుడు తెరుస్తున్నారు" అని వారంతట వారే అడిగితే రెండు టిక్కులు పెట్టమనండి. నెల రోజుల తర్వాత రెండు టిక్కులు ఉన్న పేర్లు ఎన్నయ్యాయో నాకు రాయండి. ఎన్ని చీరలు తెచ్చుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.